తిరగబెట్టిన ప్రోస్టేట్ క్యాన్సర్, పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషనో రేడియేషనో అయిపోయి, ఇక పర్వాలేదనుకున్నాక పీఎస్‌ఏ (ప్రోస్టేట్ కణాలు తయారుచేసే, రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్) మళ్లీ పెరిగితే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలవుతుంది. డాక్టర్ ‘పీఎస్‌ఎంఏ పెట్’ అని, క్యాన్సర్ ఒంట్లో ఎక్కడుందో వెతికే ఒక స్కాన్ రాస్తారు. అక్కడి నుంచి రోగులు, వాళ్ల పిల్లలు, అల్లుళ్లు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. అవే మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. దశలవారీగా ఉన్నాయి, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఫలితం ఎలా వచ్చినా మీ వైద్యం మారదంటే ఆ స్కాన్‌కు తొందర లేదు. మారుతుందంటే మాత్రం సరైన సమయంలో చేయించాలి, ఆలస్యం చేయకూడదు. ఇక్కడి జవాబులు డాక్టర్‌తో మాట్లాడేటప్పుడు పనికొచ్చేందుకు రాసినవి. మీ కేసులో తుది నిర్ణయం మీ యూరాలజిస్టు, ఆంకాలజిస్టులదే.

## పీఎస్‌ఏ పెరిగిందని తెలిసినప్పుడు

ఆపరేషన్ అయి మూడేళ్లయింది. ఇన్నాళ్లూ పీఎస్‌ఏ లేనట్టే ఉంది, ఇప్పుడు 0.2 వచ్చింది. క్యాన్సర్ తిరగబెట్టినట్టేనా?

ప్రోస్టేట్ గ్రంథిని పూర్తిగా తీసేశాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పీఎస్‌ఏ దాదాపు సున్నాకు దిగాలి. ఆ తర్వాత ఎప్పుడైనా మిల్లీలీటరు రక్తానికి 0.2 నానోగ్రాములు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చి, రెండోసారి చేయించినా అలాగే ఉంటే దాన్ని బయోకెమికల్ రికరెన్స్ అంటారు. అంటే క్యాన్సర్ కణాలు మళ్లీ పనిచేస్తున్నాయని రక్తం చెబుతోంది, అవి ఎక్కడున్నాయో ఇంకా తెలియదు. ఒక్క రిపోర్టు చూసి నిర్ణయానికి రావద్దు. కొన్ని వారాలు ఆగి, అదే ల్యాబ్‌లో మళ్లీ చేయించండి. ఇంత చిన్న అంకెల్లో ల్యాబ్ మారినా, మెషీన్ మారినా తేడా వస్తుంది.

మా నాన్నగారికి ఆపరేషన్ చేయలేదు, రేడియేషన్ ఇచ్చారు. పీఎస్‌ఏ 0.6 నుంచి 1.1 అయింది. ఇదీ తిరగబెట్టడమేనా?

ఇంకా కాదు. రేడియేషన్ తీసుకున్నవాళ్లలో ప్రోస్టేట్ లోపలే ఉంటుంది కాబట్టి పీఎస్‌ఏ సున్నాకు దిగదు. అది దిగిన అతి తక్కువ అంకె మీద 2 నానోగ్రాములు పెరిగితేనే తిరగబెట్టినట్టు లెక్క. మీ నాన్నగారి విషయంలో ఆ గీత 2.6 దగ్గర ఉంది. రేడియేషన్ తర్వాత మొదటి రెండు మూడేళ్లలో పీఎస్‌ఏ కాస్త పెరిగి దానంతట అదే దిగిపోవడం మామూలే. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా పెరగొచ్చు. డాక్టర్ చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించి, అంకెలన్నీ తేదీలతో సహా ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి.

పీఎస్‌ఏ ఎంత ఉందో చెప్తే, ఎంత కాలంలో రెట్టింపైందని అడుగుతున్నారు. ఎందుకు?

అంకె కన్నా దాని వేగం ఎక్కువ చెబుతుంది. 0.2 నుంచి 0.4కు మూడు నెలల్లో చేరిన వ్యక్తికీ, ఏడాదిన్నరలో చేరిన వ్యక్తికీ ఈ రోజు రిపోర్టులో ఒకటే అంకె ఉంటుంది, జబ్బు మాత్రం ఒకటి కాదు. ఆపరేషన్ అయినవాళ్లలో రెట్టింపు కావడానికి ఏడాది కన్నా ఎక్కువ పట్టి, తీసేసిన గ్రంథిని పరీక్షించినప్పుడు గ్లీసన్ స్కోరు (క్యాన్సర్ కణాలు ఎంత దూకుడుగా ఉన్నాయో చెప్పే అంకె) 8 కన్నా తక్కువ ఉంటే యూరోపియన్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు దాన్ని తక్కువ ప్రమాదం కింద లెక్కిస్తాయి. వయసు పైబడి, గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్న పెద్దాయనకు ఇలా నెమ్మదిగా పెరుగుతుంటే గమనిస్తూ ఉండటం కూడా సరైన వైద్యమే. అందుకే పాత రిపోర్టులు ఒక్కటీ పారేయవద్దు.

బోన్ స్కాన్, సీటీ రెండూ క్లియర్ అన్నారు. మరి ఈ పీఎస్‌ఏ ఎక్కడి నుంచి వస్తోంది?

ఆ రెండు స్కాన్లకూ కనిపించనంత చిన్న చోటు నుంచి. సీటీ లింఫు గ్రంథి సైజు చూసి అనుమానిస్తుంది. సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్లు దాటితేనే ‘పెద్దదైంది’ అంటారు. 5 మిల్లీమీటర్ల గ్రంథిలో క్యాన్సర్ ఉన్నా సీటీలో అది మామూలుగానే కనిపిస్తుంది. బోన్ స్కాన్ క్యాన్సర్‌ను నేరుగా చూడదు, దానికి ఎముక ఎలా స్పందించిందో చూస్తుంది. పీఎస్‌ఏ తక్కువగా ఉన్న దశలో ఈ రెండూ క్లియర్‌గా రావడం చాలా సాధారణం. దాన్ని చూసి ఏమీ లేదని ఊరుకోవద్దు.

వారం రోజులుగా నడుం నొప్పి, కాళ్లు పట్టు తప్పుతున్నాయి. పెట్ స్కాన్ అపాయింట్‌మెంట్ వచ్చే వారం ఇచ్చారు. అప్పటిదాకా ఆగొచ్చా?

ఆగవద్దు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్న మనిషికి వెన్ను నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గడం, తిమ్మిరి, మూత్రం ఆగిపోవడం, విరేచనం మీద పట్టు పోవడం వీటిలో ఏది కనిపించినా వెన్నుపాము నొక్కుకుపోతోందేమో అని అనుమానించాలి. ఈ రోజే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, క్యాన్సర్ ఉన్న సంగతి మొదటే చెప్పి, వెన్నెముక మొత్తానికి ఎంఆర్‌ఐ అడగండి. గంటలు గడిచేకొద్దీ నడక తిరిగి వచ్చే అవకాశం తగ్గిపోతుంది. పెట్ స్కాన్ తర్వాత చూసుకోవచ్చు.

## ఏ స్కాన్, ఎప్పుడు

పీఎస్‌ఎంఏ స్కాన్ ఎలా పనిచేస్తుంది?

ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల పైపొర మీద పీఎస్‌ఎంఏ అనే ప్రొటీన్ చాలా ఎక్కువగా ఉంటుంది. దానికి వెళ్లి అతుక్కునే చిన్న అణువు ఒకటి తయారుచేసి, దానికి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. గంట తర్వాత అది ఎక్కడెక్కడ అతుక్కుందో పెట్ కెమెరా చూపిస్తుంది, ఆ చోటు శరీరంలో సరిగ్గా ఎక్కడో సీటీ చూపిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడే పీఎస్‌ఎంఏ-11 అణువును జర్మనీలోని హైడెల్‌బర్గ్ పరిశోధకులు అభివృద్ధి చేశారు. 2020 డిసెంబరులో అమెరికాలో మందులకు అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ దానికి అనుమతి ఇచ్చింది. పీఎస్‌ఏ రక్తంలో కొలిచే మరో ప్రొటీన్. పేర్లు దగ్గరగా ఉన్నా రెండు పరీక్షలూ వేరు.

పీఎస్‌ఏ ఎంత ఉంటే స్కాన్ చేయించాలి? ఒక డాక్టర్ ఇప్పుడే అంటారు, ఇంకొకరు కొంచెం పెరగనివ్వండి అంటారు.

ఎక్కువ మంది తడబడేది ఇక్కడే. పీఎస్‌ఏ పెరిగేకొద్దీ స్కాన్‌లో ఏదో ఒకటి కనిపించే అవకాశం పెరుగుతుందన్నది నిజం. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ, యూసీఎస్‌ఎఫ్ ఆసుపత్రులు 635 మంది మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. పీఎస్‌ఏ 0.5 లోపు ఉన్నవాళ్లలో 38 శాతం మందికి స్కాన్‌లో జాడ దొరికింది. 0.5 నుంచి 1 మధ్య 57 శాతం, 1 నుంచి 2 మధ్య 84 శాతం, 5 దాటితే 97 శాతం.

ఈ అంకెలు చూస్తే ‘అయితే 1 దాటేదాకా ఆగుదాం’ అనిపిస్తుంది. ఆపరేషన్ అయినవాళ్లకు అలా ఆగడం నష్టం. ప్రోస్టేట్ ఉన్న చోట మిగిలిన కణాలను చంపడానికి ఇచ్చే సాల్వేజ్ రేడియేషన్ పీఎస్‌ఏ 0.5 లోపు ఉన్నప్పుడే బాగా పనిచేస్తుంది. స్కాన్‌లో బొమ్మ స్పష్టంగా రావడం కోసం ఆగితే, జబ్బును పూర్తిగా నయం చేసే అవకాశం ఉన్న సమయం దాటిపోవచ్చు. రేడియేషన్‌కు ఒంట్లో ఓపిక ఉండి, మరింత వైద్యం తీసుకోవడానికి సిద్ధంగా ఉన్న మనిషికి పీఎస్‌ఏ 0.2 దాటి రెండోసారీ అలాగే వస్తే స్కాన్ గురించి అప్పుడే మాట్లాడాలి. కనబడితే రేడియేషన్ ప్లాన్ మారుతుంది, కనబడకపోతే రేడియేషన్ ఆగకూడదు. అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు డాక్టర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: స్కాన్‌లో కనిపిస్తే ఏం చేస్తారు? కనిపించకపోతే ఏం చేస్తారు? రెండింటికీ జవాబు ఒకటే అయితే ఆ డబ్బు, ఆ ప్రయాణం ఎందుకో మళ్లీ అడగండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ‘పైలరిఫై’ చేయించమంటున్నాడు. ఇక్కడ గాలియం స్కాన్ అంటున్నారు. తక్కువ రకమా?

తక్కువ రకం కాదు. పైలరిఫై కూడా పీఎస్‌ఎంఏ స్కాన్‌లో వాడే మందే. గాలియం-68 బదులు ఫ్లోరిన్-18 తగిలించి ఉంటుంది. 2021 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫ్లోరిన్‌ను సైక్లోట్రాన్ అనే పెద్ద యంత్రంలో తయారుచేస్తారు, అది 110 నిమిషాలకు సగం అవుతుంది కాబట్టి కాస్త దూరం పంపొచ్చు. గాలియం 68 నిమిషాలకే సగమైపోతుంది. దాన్ని ఆసుపత్రిలోనే ఉండే చిన్న జనరేటర్ నుంచి అప్పటికప్పుడు తీస్తారు. మందు ఏదన్న దానికన్నా ఆ సెంటర్‌లో రోజూ ఇవే స్కాన్లు చదివే న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్ ఉన్నారా అన్నది ముఖ్యం. ఒకసారి మొదలుపెట్టాక వీలైతే తర్వాతి స్కాన్ కూడా అదే సెంటర్‌లో, అదే మందుతో చేయించండి. అప్పుడే పోల్చి చూడటం కుదురుతుంది.

మా జిల్లా కేంద్రంలో మామూలు పెట్ స్కాన్ దొరుకుతుంది. హైదరాబాద్ దాకా ఎందుకు వెళ్లడం?

మామూలు పెట్ అంటే గ్లూకోజ్‌లాంటి ఎఫ్‌డీజీ అనే పదార్థంతో చేసేది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు, లింఫోమాకు అది గొప్పగా పనిచేస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలు ఈ దశలో గ్లూకోజ్‌ను అంతగా పీల్చుకోవు, కాబట్టి పీఎస్‌ఏ తక్కువగా ఉన్నప్పుడు ఎఫ్‌డీజీ పెట్ చాలాసార్లు ఏమీ చూపించదు. స్లిప్పు మీద ‘పెట్ సీటీ’ అని మాత్రమే రాసి ఉంటే ఫోన్ చేసి ‘పీఎస్‌ఎంఏనా, ఎఫ్‌డీజీనా?’ అని కనుక్కున్నాకే బయల్దేరండి. తప్పు స్కాన్ చేయించుకుని మళ్లీ డబ్బు కట్టేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ముందు హార్మోన్ ఇంజెక్షన్ వేయించుకుని, తర్వాత నెమ్మదిగా స్కాన్‌కు వెళ్లొచ్చా?

డాక్టర్‌ను అడగకుండా ఆ క్రమం మార్చవద్దు. మగ హార్మోన్‌ను తగ్గించే ఈ ఇంజెక్షన్‌తో పీఎస్‌ఏ పడిపోతుంది, క్యాన్సర్ ఉన్న చోట్లు కుంచించుకుపోతాయి. కొన్ని నెలలు వాడాక స్కాన్ చేస్తే చిన్నచిన్న చోట్లు కనిపించకుండా పోవచ్చు. జబ్బు పోలేదు, దాని జాడ మాత్రం మరుగున పడింది. రేడియేషన్ ఎక్కడ ఇవ్వాలో తేల్చడానికే స్కాన్ అయితే సాధారణంగా ముందు స్కాన్, తర్వాత ఇంజెక్షన్. ఎముకల్లో బాగా పాకి నొప్పితో బాధపడుతున్న మనిషి సంగతి వేరు, అక్కడ వైద్యం ఆపకూడదు.

పెట్ స్కాన్ అయ్యాక మళ్లీ ఎంఆర్‌ఐ ఎందుకు?

పీఎస్‌ఎంఏ-11 మూత్రం ద్వారా బయటికి పోతుంది. మూత్రాశయం నిండా ఆ మెరుపు ఉంటే, దానికి ఆనుకుని ప్రోస్టేట్ తీసేసిన చోట చిన్న గడ్డ ఉన్నా అందులో కలిసిపోతుంది. ఆ ఒక్క చోటును ఎంఆర్‌ఐ బాగా చూపిస్తుంది. రేడియేషన్ అయ్యాక ప్రోస్టేట్‌లోనే తిరగబెట్టిందని అనుమానం ఉన్నప్పుడు బయాప్సీ సూది ఎక్కడ గుచ్చాలో చెప్పడానికి కూడా ఎంఆర్‌ఐ కావాలి.

ఖర్చు ఇన్సూరెన్స్‌లో వస్తుందా? ఆరోగ్యశ్రీలో?

పాలసీని బట్టి, అప్పటి ప్యాకేజీల జాబితాను బట్టి మారుతుంది. మన దగ్గర చాలా హెల్త్ పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బు ఇస్తాయి. బయటి నుంచి వచ్చి స్కాన్ చేయించుకుని వెళ్తే క్లెయిమ్ తిరస్కరిస్తాయి. స్కాన్‌కు ముందే డాక్టర్ రాసిన కాగితం, పీఎస్‌ఏ రిపోర్టులు పెట్టి రాతపూర్వకంగా అనుమతి అడగండి. ఆరోగ్యశ్రీ, ఉద్యోగుల ఆరోగ్య పథకం ఉన్నవాళ్లు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర కౌంటర్‌లో ముందుగా కనుక్కోవాలి. అయిపోయాక బిల్లు పట్టుకుని తిరిగితే పని జరగడం కష్టం.

## స్కాన్ రోజు

పరగడుపున రావాలా? షుగర్ మందులు ఆపాలా?

పీఎస్‌ఎంఏ స్కాన్‌కు సాధారణంగా ఉపవాసం అక్కర్లేదు, షుగర్ లెవెల్ అడ్డు కాదు. ఎఫ్‌డీజీ పెట్‌కు మాత్రం కొన్ని గంటలు ఏమీ తినకుండా ఉండాలి. సీటీలో కాంట్రాస్ట్ మందు కూడా ఎక్కిస్తామని సెంటర్‌వాళ్లు అంటే కిడ్నీ సమస్య, మెట్‌ఫార్మిన్ వాడకం, పాత అలర్జీ సంగతి తప్పకుండా చెప్పండి. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెంట ఉంచుకోండి. నీళ్లు బాగా తాగి రండి.

ఉదయం 9కి రమ్మన్నారు. బస్సు ఆలస్యమై 10 దాటితే ఏమవుతుంది?

గాలియం అయితే స్కాన్ వాయిదా పడొచ్చు. మీ కోసం తీసిన మందు ప్రతి 68 నిమిషాలకు సగం తరిగిపోతుంది, జనరేటర్ నుంచి రోజుకు కొన్ని డోసులే వస్తాయి. దూరం నుంచి వచ్చేవాళ్లు ముందు రోజే చేరుకోవడం మంచిది. ఇంజెక్షన్ తర్వాత గంటసేపు కూర్చోబెడతారు, తర్వాత మూత్రానికి వెళ్లి రమ్మంటారు, మెషీన్‌లో 20 నుంచి 30 నిమిషాలు పడుకోవాలి. మూత్రం పూర్తిగా పోసి రావడం చిన్న విషయం అనుకోవద్దు, బొమ్మ స్పష్టత దాని మీద ఆధారపడుతుంది.

ఇంటికి వెళ్లాక మనవడిని ఎత్తుకోవచ్చా?

ఆ రోజు చంకనెక్కించుకోవద్దు, మర్నాటి నుంచి ఎత్తుకోవచ్చు. గాలియం అయినా ఫ్లోరిన్ అయినా ఒక రోజు గడిచేసరికి దాదాపు ఏమీ మిగలదు. గర్భిణులకు, పసిపిల్లలకు ఆ కొన్ని గంటలు దూరంగా ఉంటే చాలు. గాలియం ఇంజెక్షన్ వల్ల శరీరానికి తగిలే రేడియేషన్ సుమారు 3 నుంచి 5 మిల్లీసీవర్ట్‌లు, సీటీ వల్ల వచ్చేది దానికి అదనం. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు ఎలాగూ వస్తాయి. ఈ జబ్బులో స్కాన్ వల్ల వచ్చే లాభం ముందు ఇది చిన్నదే.

## రిపోర్టు చేతికొచ్చాక

లాలాజల గ్రంథులు, కిడ్నీలు, కాలేయం అన్నీ మెరుస్తున్నాయి. అంతా పాకిపోయిందా?

లేదు. లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, కిడ్నీలు, కాలేయం, ప్లీహం, చిన్నపేగు మొదటి భాగం ఆరోగ్యంగా ఉన్న ప్రతి ఒక్కరిలోనూ ఈ స్కాన్‌లో మెరుస్తాయి. ఫిల్ము చూసి ఇంట్లో నిర్ణయించుకోకండి. వాట్సాప్‌లో ఫొటో పంపితే ఏ డాక్టరూ సరిగా చెప్పలేరు. రెండో అభిప్రాయం కావాలంటే సీడీలో ఉండే డైకామ్ ఫైళ్లు (స్కాన్ అసలు బొమ్మలు) మొత్తం పంపాలి. విదేశాల్లో ఉన్న పిల్లలు అక్కడి డాక్టర్‌కు చూపించాలన్నా అవే కావాలి.

పక్కటెముకలో ఒక చుక్క మెరుస్తోందని రాశారు. ఎముకకు పాకినట్టేనా?

చాలాసార్లు కాదు. పక్కటెముకలో ఒంటరిగా, మసకగా కనిపించే చుక్క ఈ స్కాన్‌లో అందరినీ ఎక్కువగా కంగారుపెట్టే విషయం. ఎప్పుడో తగిలిన దెబ్బ, మానిన పగులు, ఎముకలోని హానిలేని మార్పులు కూడా ఇలా మెరుస్తాయి. పీఎస్‌ఎంఏ-1007 అనే ఫ్లోరిన్ మందుతో చేసిన స్కాన్లలో ఇది మరీ ఎక్కువ. ఎముకలే కాక నరాల ముడులు, కొన్ని థైరాయిడ్ గడ్డలు, సార్కాయిడోసిస్ అనే వాపు జబ్బు, టీబీ కూడా మెరవగలవు. టీబీ మన దగ్గర అరుదు కాదు కాబట్టి, ఛాతీలోని గ్రంథులు మెరిసినప్పుడు ఆ సంగతి డాక్టర్‌కు గుర్తు చేయడంలో తప్పు లేదు.

635 మంది మీద జరిగిన కాలిఫోర్నియా అధ్యయనంలో, స్కాన్ తర్వాత ముక్క తీసి పరీక్షించి సరిచూడగలిగిన 87 మందిలో స్కాన్ చెప్పింది నిజమైంది 84 శాతం మందిలో. అంటే మంచి స్కాన్ కూడా ఆరుగురిలో ఒకరి విషయంలో పొరపడింది. అందుకే ఆ ఒక్క చుక్క మీద పెద్ద నిర్ణయం ఆధారపడి ఉంటే, ఉదాహరణకు దాన్ని చూసి నయం చేసే రేడియేషన్‌ను మానేద్దామంటే, ముందు దాన్ని సీటీలో, ఎంఆర్‌ఐలో జాగ్రత్తగా పరిశీలించాలి. వీలైతే బయాప్సీ చేయాలి, లేదా కొన్ని నెలల తర్వాత మళ్లీ చూడాలి. ఒక మసక చుక్క కారణంగా మనిషికి జీవితాంతం హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టడం నాకు సరైన పద్ధతిగా అనిపించదు.

ఎస్‌యూవీ (స్కాన్‌లో ఆ చోటు ఎంత మెరిసిందో చెప్పే అంకె) 14 అని ఉంది. పోయినసారి వేరే సెంటర్‌లో 9. జబ్బు పెరిగిందా?

ఆ రెండు అంకెలను పోల్చడం కుదరదు. మందు, మెషీన్, ఇంజెక్షన్‌కూ స్కాన్‌కూ మధ్య గడిచిన సమయం వీటిలో ఏది మారినా ఎస్‌యూవీ మారుతుంది. పైగా అది ఆ కణాల మీద పీఎస్‌ఎంఏ ఎంత ఉందో చెబుతుందే కానీ జబ్బు ఎంత ముదిరిందో నేరుగా చెప్పదు. కొత్త చోట్లు వచ్చాయా, ఉన్నవి పెద్దవయ్యాయా, పీఎస్‌ఏ ఎటు వెళ్తోంది అన్నవి అడగండి.

బోన్ స్కాన్ క్లియర్, పీఎస్‌ఎంఏలో మాత్రం రెండు చోట్ల ఉందన్నారు. అంటే నాలుగో స్టేజా?

కాగితం మీద ‘మెటాస్టాసిస్’ (వేరే చోటికి పాకడం) అన్న మాట ఉంటే ఇంట్లోవాళ్లు కుప్పకూలిపోతారు. కాస్త ఆగి వినండి. నాలుగో స్టేజ్ వాళ్లు ఎంత కాలం ఉంటారని ఇంటర్నెట్‌లో కనిపించే లెక్కలు ఎక్కువగా పాత స్కాన్ల కాలానివి. బోన్ స్కాన్‌లో, సీటీలో కనిపించేంత పెద్దగా పాకినవాళ్లను చూసి వేసిన లెక్కలవి. మీ జబ్బు ఆ స్కాన్లలో కనబడనంత చిన్నగా ఉన్నప్పుడే దొరికింది. పదేళ్ల క్రితమైతే మిమ్మల్ని ‘ఎక్కడా పాకలేదు’ అనే గుంపులో వేసేవారు. కాబట్టి ఆ పాత లెక్కలు మీకు వర్తించవు. ఇలా ఒకటి రెండు చోట్లే దొరికినప్పుడు వాటికి నేరుగా రేడియేషన్ ఇచ్చే మార్గం ఉంది.

## స్కాన్‌ను బట్టి వైద్యం

స్కాన్‌లో ఏమీ కనబడలేదు. మరి కరెంటు (రేడియేషన్) ఎక్కడ పెడతారు? అసలు పెట్టాలా?

ఆపరేషన్ తర్వాత పీఎస్‌ఏ పెరుగుతూ, రేడియేషన్ అవసరమని డాక్టర్ అప్పటికే నిర్ణయించి ఉంటే, స్కాన్ నెగెటివ్ వచ్చిందని దాన్ని వాయిదా వేయకూడదు. యూరోపియన్ మార్గదర్శకాలు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి. పెట్ కెమెరా నాలుగైదు మిల్లీమీటర్ల కన్నా చిన్నవాటిని పట్టుకోలేదు. అంతకన్నా చిన్న గుంపులో లక్షల కణాలు ఉండగలవు. ఇలాంటప్పుడు అవి ఎక్కువగా మిగిలే చోటు, అంటే ప్రోస్టేట్ తీసేసిన ప్రాంతానికి రేడియేషన్ ఇస్తారు. సాధారణంగా ఆరు నుంచి ఏడు వారాలు, వారానికి ఐదు రోజులు. అవసరాన్ని బట్టి పొత్తికడుపు లింఫు గ్రంథులను కలుపుతారు, కొన్ని నెలలు హార్మోన్ ఇంజెక్షన్ జోడిస్తారు. నెగెటివ్ రిపోర్టు చూసి సంతోషంగా ఇంటికెళ్లి, ఏడాది తర్వాత పీఎస్‌ఏ 3 అయ్యాక తిరిగి రావడం మాత్రం ఎవరికీ జరగకూడదు.

స్కాన్ చూసి రేడియేషన్ ఇస్తే నిజంగా లాభం ఉందని రుజువుందా?

ఉంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయం ఎంపైర్-1 అనే ట్రయల్‌లో 165 మందిని రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు మామూలు స్కాన్లతోనే రేడియేషన్ ప్లాన్ చేశారు, రెండో గుంపుకు ఫ్లూసిక్లోవిన్ అనే మందుతో చేసిన పెట్ స్కాన్‌ను కూడా చూసి ప్లాన్ చేశారు. మూడేళ్ల తర్వాత జబ్బు అదుపులో ఉన్నవాళ్లు మొదటి గుంపులో 63 శాతం, రెండో గుంపులో 75.5 శాతం. 2021లో ఫలితాలు వచ్చాయి. ఫ్లూసిక్లోవిన్ కన్నా పీఎస్‌ఎంఏ స్కాన్ చిన్నవాటిని బాగా పట్టుకుంటుంది. కానీ దానితో ప్లాన్ చేస్తే మనుషులు ఎక్కువ కాలం బతుకుతారా అన్నది తేలడానికి ఏళ్లు పడుతుంది, ఎందుకంటే ఈ జబ్బు నెమ్మదిగా నడుస్తుంది.

రెండు మూడు చోట్లే ఉంది. వాటికి మాత్రమే రేడియేషన్ ఇస్తే సరిపోతుందా?

కొందరికి కొంతకాలం సరిపోతుంది. ఎస్‌బీఆర్‌టీ అనే పద్ధతిలో ఒకటి నుంచి ఐదు సిట్టింగుల్లో ఆ చిన్న చోటుకే ఎక్కువ మోతాదు ఇస్తారు. ఒరియోల్ అనే చిన్న ట్రయల్‌లో 54 మంది ఉన్నారు. ఊరికే గమనిస్తూ ఉన్నవాళ్లలో ఆరు నెలలకు 61 శాతం మందికి జబ్బు ముదిరింది, రేడియేషన్ ఇచ్చినవాళ్లలో 19 శాతం మందికి. బెల్జియంలో జరిగిన స్టాంప్ ట్రయల్‌లో హార్మోన్ మందులు మొదలుపెట్టాల్సిన అవసరం మధ్యస్థంగా 13 నెలల నుంచి 21 నెలలకు వెనక్కి జరిగింది. హార్మోన్ మందులతో వచ్చే నీరసం, వేడి ఆవిర్లు, ఎముకలు గుల్లబారడం తెలిసినవాళ్లకు ఆ ఎనిమిది నెలల విలువ తెలుస్తుంది. చాలామందికి కొన్నాళ్లకు మరో చోట వస్తుందని కూడా తెలుసుకునే దిగాలి.

రేడియేషన్ అయిన ఆరేళ్లకు ప్రోస్టేట్‌లోనే మళ్లీ వచ్చిందన్నారు. ఇక హార్మోన్లేనా?

తప్పనిసరి కాదు. బయట ఎక్కడా లేదని పీఎస్‌ఎంఏ స్కాన్ చూపించి, ప్రోస్టేట్‌లో ఉన్నట్టు బయాప్సీ రుజువు చేస్తే, సాల్వేజ్ ఆపరేషన్, లోపలి నుంచి రేడియేషన్ ఇచ్చే బ్రాకీథెరపీ, కణాలను గడ్డకట్టించి చంపే క్రయోథెరపీ లాంటివి ఉన్నాయి. ఒకసారి రేడియేషన్ తగిలిన చోట మళ్లీ చేయి పెడితే మూత్రం అదుపు తప్పడం లాంటి ఇబ్బందులు మొదటిసారి కన్నా ఎక్కువ. ఇలాంటి కేసులు చాలా చేసిన సెంటర్‌లోనే చేయించాలి.

లుటీషియం ఇంజెక్షన్ గురించి విన్నాం. ఇప్పుడే వేయించేస్తే పోదా?

లుటీషియం-177 పీఎస్‌ఎంఏ అదే తాళానికి వేరే తాళంచెవి లాంటిది: స్కాన్‌లో మందు అతుక్కున్న కణానికే వెళ్లి అతుక్కుని, ఈసారి దాన్ని లోపలి నుంచి రేడియేషన్‌తో దెబ్బతీస్తుంది. హార్మోన్ మందులకు లొంగకుండా ముదిరినవాళ్ల మీద దీన్ని ఎక్కువగా పరీక్షించారు. 831 మందితో చేసిన విజన్ ట్రయల్‌లో మధ్యస్థ జీవితకాలం 11.3 నెలల నుంచి 15.3 నెలలకు పెరిగింది. 2022 మార్చిలో ఎఫ్‌డీఏ అనుమతించింది. కీమోకు ముందే వాడే వీలు 2025లో ఇచ్చింది. పీఎస్‌ఏ 0.4 ఉన్న మనిషికి ఇది మొదటి వైద్యం కాదు.

దీనికి ముందు పీఎస్‌ఎంఏ స్కాన్ తప్పనిసరి. కణాలు స్కాన్‌లో మెరవకపోతే మందు వాటికి అందదు. మెరిసే చోట్లతో పాటు మెరవని గడ్డలు కూడా ఉన్నాయేమో చూడటానికి కొన్నిసార్లు ఎఫ్‌డీజీ పెట్ కూడా చేస్తారు. లుటీషియం మన దేశంలోనే ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతుంది. సాధారణంగా ఆరు వారాలకోసారి, నాలుగు నుంచి ఆరు డోసులు. నోరు ఎండిపోవడం, నీరసం, రక్తకణాలు తగ్గడం దీని ముఖ్యమైన ఇబ్బందులు. సగమవడానికి ఆరున్నర రోజులకు పైగా పడుతుంది కాబట్టి ఇంటికొచ్చాక కొన్ని రోజులు విడిగా పడుకోవాలి, పిల్లలకూ గర్భిణులకూ దూరంగా ఉండాలి, మూత్రం కూర్చుని పోయాలి, ఫ్లష్ రెండుసార్లు చేయాలి.

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిందని అనుమానం. ఆమెకూ ఈ స్కాన్ చేయించొచ్చా?

ఆమెకు పీఎస్‌ఎంఏ కాదు. రొమ్ము క్యాన్సర్‌లో సాధారణంగా సీటీ, బోన్ స్కాన్ లేదా ఎఫ్‌డీజీ పెట్ చేస్తారు. కొత్తగా కనిపించిన గడ్డకు వీలైతే బయాప్సీ చేయాలి, ఎందుకంటే ఏ మందు పనిచేస్తుందో చెప్పే కణాల గుర్తులు, అంటే హార్మోన్ రిసెప్టార్లు, హెర్-2, మొదటిసారి ఉన్నట్టే ఉండకపోవచ్చు. అవి మారితే మందులూ మారతాయి.

వైద్యం అయిపోయాక మళ్లీ స్కాన్ ఎప్పుడు? ఆరు నెలలకోసారి చేయించుకుంటే మంచిదా?

క్యాలెండర్ చూసి స్కాన్ చేయించుకోవాల్సిన అవసరం చాలామందికి లేదు. సాల్వేజ్ రేడియేషన్ లేదా ఎస్‌బీఆర్‌టీ అయ్యాక మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి పీఎస్‌ఏ చూస్తారు. అది దిగుతూ ఉంటే స్కాన్ అక్కర్లేదు. మళ్లీ పెరుగుతున్నట్టు రెండు పరీక్షల్లో కనిపించినా, కొత్తగా ఎముక నొప్పి వచ్చినా స్కాన్ గురించి అడగండి. హార్మోన్ మందులకు లొంగని దశలో మాత్రం పీఎస్‌ఏ పెద్దగా పెరగకుండానే జబ్బు ముదరొచ్చు. అక్కడ పీఎస్‌ఏతో పాటు స్కాన్లు కూడా డాక్టర్ వేసిన గడువు ప్రకారమే చేయించాలి. ప్రతిసారీ వెళ్లేటప్పుడు పాత సీడీలు, ఆపరేషన్ బయాప్సీ రిపోర్టు, రేడియేషన్ డోసు రాసిన కాగితం ఒకే ఫైల్‌లో పెట్టుకుని వెళ్లండి. ఎక్కడ ఎంత రేడియేషన్ పడిందో తెలియకపోతే రెండోసారి అదే ప్రాంతంలో ఇవ్వడానికి ఏ డాక్టరూ ధైర్యం చేయరు.